అపాచీయా, ఇంజిన్‌ఎక్సా? స్పీడు తెచ్చేది పేజీ క్యాష్

నెల్లూరులో చిన్న ఆన్‌లైన్ షాపుల సర్వర్లు చూసుకుంటుంటాను. ఊరగాయలవాళ్లయినా, ఒంగోలు బట్టల షాపువాళ్లయినా అడిగేది ఒకటే. ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మే పెద్దాయన కూడా పోయిన నెల అదే అడిగాడు: "ఏందబ్బయా, అపాచీ తీసేసి ఇంజిన్‌ఎక్స్ పెడితే సైటు స్పీడొస్తదంటగా?"

ఈ రెండూ సైటు పేజీలను చూసేవాళ్లకి పంపే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్లే. ఊరికే ఒకటి తీసి ఇంకోటి పెడితే స్పీడు పెద్దగా రాదు. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైట్లో షాపు పెట్టుకునే ప్లగిన్) షాపులో ఆలస్యం ఎక్కువగా వెనక పేజీని తయారుచేసే పీహెచ్‌పీ, సరుకుల వివరాలుండే డేటాబేస్‌ల దగ్గరే. గరిటె పేజీ ఎవరు తెరిచినా అవే ఫొటోలు, అదే ధర. అయినా పీహెచ్‌పీ ప్రతిసారీ ఆ పేజీని మొదటి నుంచీ తయారుచేస్తుంది. ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి, తర్వాత వచ్చినవాళ్లకి అదే ఇవ్వడమే పేజీ క్యాష్. నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఇదే.

అపాచీని తీసిపారెయ్యక్కర్లేదు. పాత ప్రీఫోర్క్ పద్ధతిలో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్ కాపీ) పట్టేది కాబట్టి ర్యామ్ అయిపోయేది. ఒకే ప్రాసెస్ చాలా కనెక్షన్లు చూసుకునే ఈవెంట్ పద్ధతి, పీహెచ్‌పీని విడిగా నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం కలిపి పెడితే ఆ బాధ లేదు. ప్లగిన్లు హెచ్‌టీయాక్సెస్ అనే అపాచీ సెట్టింగుల ఫైల్లో రాసుకున్న రూల్స్ వాటంతటవే పనిచేస్తాయి. షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేచోట) ఉన్నవాళ్లు దాంతోనే ఉండండి.

సొంత వీపీఎస్ (సెట్టింగులన్నీ మన చేతిలో ఉండే వర్చువల్ సర్వర్) ఉంటే మాత్రం నేను ఇంజిన్‌ఎక్స్ వైపే. పీహెచ్‌పీ ఇచ్చిన పేజీలను దాచే ఫాస్ట్‌సీజీఐ క్యాష్ అందులోనే ఉంటుంది, ఏ కుకీ (ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి సైటు బ్రౌజర్‌లో పెట్టే చిన్న గుర్తు) ఉంటే క్యాష్ వదిలెయ్యాలో నాలుగు లైన్లలో చెప్పెయ్యొచ్చు. అపాచీకీ మాడ్ క్యాష్ ఉంది గానీ, ఈ కుకీల పని అందులో నాకు చిక్కుగానే అనిపించింది.

ఇక్కడే చాలా జాగ్రత్త కావాలి. పేజీ సెట్-కుకీ హెడర్‌తో (ఈ కుకీ పెట్టుకో అని బ్రౌజర్‌కి చెప్పే లైనుతో) వస్తే ఇంజిన్‌ఎక్స్ మామూలుగా దాన్ని దాచదు. నెట్‌లో దొరికే చాలా కాన్ఫిగరేషన్లలో ఆ హెడర్‌ని పట్టించుకోవద్దని ఒక లైను ఉంటుంది. నేను దాన్ని అలాగే పెట్టేశాను. సాయంత్రానికి ఒకరి కార్టులోని గరిటెలు ఇంకొకరి ఫోన్‌లో కనిపించాయి. ఆ రాత్రి నాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. కార్టు, చెకవుట్, మై అకౌంట్ పేజీలనూ, లాగిన్, కార్టు, సెషన్ కుకీలనూ క్యాష్ నుంచి తప్పించాకే ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు ప్రతి షాపుకీ రెండు ఫోన్లు పట్టుకుని చూస్తాను: ఒకదాంట్లో గరిటె కార్టులో వేస్తే, రెండోదాంట్లో కార్టు ఖాళీగానే ఉండాలి.

కార్టు, చెకవుట్ ఎలాగూ పీహెచ్‌పీకే వెళ్తాయి కాబట్టి ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి నడవగల పీహెచ్‌పీ ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య) కూడా సరిచూడండి. చాలాచోట్ల మొదట్లో ఉండేది 5. ఒక్కో ప్రాసెస్ 80 ఎంబీ తింటూ, పీహెచ్‌పీకి 1 జీబీ మిగిలితే 12 దాకా పెట్టొచ్చు. అంతకు మించితే స్వాప్‌లోకి (ర్యామ్ చాలక డిస్కుని వాడుకోవడంలోకి) పోయి ఇంకా నెమ్మదిస్తుంది.

లైట్‌స్పీడ్ అనే ఇంకో వెబ్ సర్వర్ కూడా మంచిదే, మీ హోస్టింగ్‌లో ముందే ఉంటే దాని క్యాష్ ప్లగిన్ వాడుకోండి. పేజీని కుదించి పంపే జీజిప్ ఎందులోనైనా ఆన్ చెయ్యాల్సిందే, ముందే కుదించి ఉండే జేపెగ్ ఫొటోలకు మాత్రం దండగ.

గరిటెల షాపులో ఇప్పుడు పేజీ 10 నిమిషాలు క్యాష్‌లో ఉంటుంది. ధర మార్చిన రోజు పెద్దాయన ఫోన్ చేస్తాడు, నేను క్యాష్ ఖాళీ చేస్తాను.