వైరస్‌టోటల్ రివ్యూ: సున్నా చూసి మురిసిపోకండి

"ఈ వీడియోలో ఉన్నది నువ్వేనా?" అంటూ మెసెంజర్‌లో వచ్చే లింకు, "మీ పార్శిల్ ఆగిపోయింది" అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలు: ఇలాంటివాటిని తెరవకముందే పరీక్షించడానికి వైరస్‌టోటల్ అనే వెబ్‌సైటు పనికొస్తుంది. 2004లో స్పెయిన్‌లో పుట్టింది, 2012లో గూగుల్ చేతికి వెళ్లింది. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ఫైలు ఎక్కిస్తే దాదాపు 70 యాంటీవైరస్ ఇంజిన్ల (వైరస్‌లను పట్టే ప్రోగ్రాముల) తీర్పు ఒక్కచోట కనిపిస్తుంది.

చిక్కంతా ఆ తీర్పును చదవడంలోనే. ఆకుపచ్చ రంగులో సున్నా (ఏ ఇంజినూ తప్పు పట్టలేదని) కనబడగానే చాలామంది ఫైలు తెరిచేస్తారు. కొత్తగా తయారైన ట్రోజన్ (మంచి ప్రోగ్రాములా నటించే హానికర ప్రోగ్రాము) మొదటి కొన్ని గంటలు ఏ ఇంజిన్‌కూ చిక్కకపోవచ్చు. కాబట్టి డీటెయిల్స్ ట్యాబ్‌లో 'ఫస్ట్ సబ్మిషన్' తేదీ చూడండి. పేరున్న బ్యాంకు యాప్‌నని చెప్పుకునే ఫైలు రెండు గంటల క్రితమే మొదటిసారి అక్కడికి చేరిందంటే ఆ సున్నాను నమ్మక్కర్లేదు. ఏపీకే అడిగే పర్మిషన్లూ అదే ట్యాబ్‌లో ఉంటాయి. పార్శిల్ జాడ చెప్పే యాప్‌కి ఎస్ఎంఎస్‌లతో ఏం పని? ఓటీపీ లాగడానికి. యాక్సెసిబిలిటీ (స్క్రీన్‌ను చదివి, నడిపే అనుమతి) ఎందుకు? మీ బదులు తనే స్క్రీన్ నొక్కడానికి. వేరే యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి కూడా ఉంటే అది డ్రాపర్ కావచ్చు. పైకి శుభ్రంగా ఉండి, అసలు ట్రోజన్‌ను తర్వాత దించుకుంటుంది. ఇంజిన్లు తరచూ బోల్తాపడేది ఇక్కడే.

ఒకటీ అరా ఇంజిన్లు మాత్రమే 'జెనరిక్' (ఫలానా అని తేల్చని సాధారణ పేరు) అని ఎర్రబడితే ఉత్త అనుమానమే కావచ్చు. నాలుగైదు ఇంజిన్లు ఒకే ట్రోజన్ కుటుంబం పేరు చెబితే మాత్రం ఇక తర్జనభర్జన అనవసరం.

ఫైలు 650 ఎంబీ దాటితే ఎక్కదు. ఇది మోసగాళ్లకూ తెలుసు. ఫైలు లోపల అర్థంలేని సున్నాలు నింపి దాన్ని ఉబ్బించి, జిప్ చేసి పంపుతారు. జిప్ చూస్తే కొద్ది ఎంబీలే, విప్పితే 700. మెసేజ్‌లోనే పాస్‌వర్డ్ ఇచ్చి పంపే జిప్ ఎత్తుగడ కూడా స్కానర్ కళ్లు కప్పడానికే.

అసలు లోపం గోప్యత. ఎక్కించిన ఫైళ్లు భద్రతా సంస్థలకూ, డబ్బు కట్టే ఖాతాదారులకూ అందుతాయి. సొంత పత్రాలు ఎక్కించకండి. విండోస్ పవర్‌షెల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండో) 'గెట్-ఫైల్‌హాష్' (Get-FileHash) కొట్టి, పక్కన ఫైలు పేరిస్తే 64 అక్షరాల హాష్ (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్) వస్తుంది. వైరస్‌టోటల్ సెర్చ్‌లో అది అతికిస్తే చాలు, ఫైలు ఎక్కించక్కర్లేదు. ఏమీ దొరకలేదంటే ఫైలు మంచిదని కాదు, ఇంతవరకు ఎవరూ ఎక్కించలేదని.

ఇప్పటికే ఇన్‌స్టాల్ అయిపోయిన ట్రోజన్‌ను ఇది తీసేయలేదు.