బరంపురంలో పాత రీళ్ళ దుకాణం: డబ్బా మీది పేరును నమ్మని చోటు

గంజాం జిల్లా బరంపురంలో, గిరి మార్కెట్ వెనుక సందుల్లో, పాత సినిమా రీళ్ళను పరీక్షించి, అవి ఏమిటో గుర్తించి, కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చే చిన్న దుకాణం ఒకటి ఉంది. బోర్డు మీద దుకాణం పేరు ఉండదు. సినిమా మిషన్లు బాగుచేయబడును అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉంటుంది. నడిపేవారు ఉద్యోగ విరమణ చేసిన ప్రొజెక్టర్ ఆపరేటర్ ఒకరు, ఆయన కుమార్తె. తమ పేర్లు రాయవద్దని వారు కోరారు కనుక రాయడం లేదు. ఆ వీధిలో ఆపరేటర్ గారి దుకాణం ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

మా తాతగారు 1940లలో ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి దాకా డేరా టాకీసు తిప్పారు. ఆయన తదనంతరం అటక మీద మిగిలిన ఐదు డబ్బాలను నేను ఈ దుకాణానికి తీసుకువెళ్ళాను. వాటిలో ఒకదాని మూత మీద ఎర్ర రంగుతో, తాతగారి చేతిరాతలోనే, ప్రహ్లాద అని ఉంది. తెలుగులో తొలి టాకీ అయిన భక్త ప్రహ్లాద ప్రింటు నేడు ఎక్కడా దొరకదని తెలిసినవారికి ఆ మూడు అక్షరాలు చదివినప్పుడు మా ఇంట్లో ఏమి జరిగి ఉంటుందో నేను చెప్పనక్కర లేదు. మా పిన్నిగారు ఆ డబ్బాకు బొట్టు పెట్టారు.

ఆపరేటర్ గారు ఆ మూతను పక్కన పెట్టి, "డబ్బాను చూసి పేరు పెట్టకండి బాబూ, డబ్బాలు మారినన్నిసార్లు పెళ్ళిలో చెప్పులు కూడా మారవు" అన్నారు. ఊరూరూ తిరిగే టాకీసులో తుప్పు పట్టిన డబ్బా పారవేసి, ఖాళీగా ఉన్న మరో డబ్బాలో రీలు సర్దడం నిత్యకృత్యమట. అందువల్ల ఆ దుకాణంలో మూత మీది రాతను ఫొటో తీసి దాచుకుంటారు గాని, దానిని సాక్ష్యంగా లెక్కించరు.

పరీక్ష జరిగిన తీరు వివరంగా చెప్పవలసినది, ఎందుకంటే ఈ సేవకు విలువ అంతా అక్కడే ఉంది. అడుగు నుంచి వెలుతురు వచ్చే పాలగాజు బల్ల మీద, నూలు చేతిజోళ్ళు తొడుక్కుని, రీలును చేత్తోనే జానెడు జానెడు విప్పుతూ పోతారు. మొదట అంచు రంధ్రాలు కొలిచారు. 35 మిల్లీమీటర్ల పాజిటివ్ ఫిల్ములో, అంటే ప్రింటు వేసే ఫిల్ములో, 100 రంధ్రాల పొడవు 475 మిల్లీమీటర్లు ఉండాలి; మాది 470 వచ్చింది. అంటే ఫిల్ము ఒక శాతానికి పైగా కుంచించుకుపోయింది. ఇంతగా కుంచించుకున్న ఫిల్మును ప్రొజెక్టరులో వేస్తే పళ్ళచక్రం రంధ్రాలను చించివేస్తుంది కాబట్టి, మిషను ఎక్కించే ప్రసక్తే లేదని ముందే చెప్పేశారు. నేను నిరాశపడ్డాను, కానీ ఆ మాటే రీలును కాపాడింది.

తరువాత భూతద్దం నా చేతికిచ్చి అంచు చూడమన్నారు. రంధ్రాలకూ అంచుకూ మధ్య సన్నని నల్లని అక్షరాలలో కొడాక్ అనీ, నైట్రేట్ అనీ ఉంది. నైట్రేట్ అంటే పాతకాలంలో వాడిన, ఇట్టే అంటుకునే రకం ఫిల్ము. కొంత దూరం తరువాత ఆవగింజంత నల్లని చతురస్రం. అడుగుకొకసారి ఆ చతురస్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది. కొడాక్ కంపెనీ 1916 నుంచి తాను తయారుచేసిన ఫిల్ము మీద ఆ సంవత్సరానికి ఒక గుర్తు ముద్రిస్తూ వచ్చింది: 1916కు వృత్తం, 1917కు చతురస్రం, 1918కు త్రిభుజం, ఆ పైన వాటి జంటలు. ఇరవై ఏళ్ళకొకసారి అవే గుర్తులు తిరిగి మొదలవుతాయి. కాబట్టి చతురస్రం అంటే 1917 కావచ్చు, 1937 కావచ్చు, 1957 కావచ్చు. బొమ్మ పక్కన కొండల వరుసలా ఎగుడుదిగుడుగా సౌండ్ ట్రాక్ ఉంది గనుక 1917 కాదు. నైట్రేట్ ఫిల్ము తయారీని కొడాక్ 1950ల తొలి ఏళ్ళలోనే మానివేసింది గనుక 1957 కాదు. మిగిలినది 1937.

ఆ లెక్క విన్నప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అయితే ఆయన అక్కడ ఆగలేదు. అక్షరాలు నల్లగా ఉన్నాయా తెల్లగా ఉన్నాయా అన్నది మరోసారి చూసుకోమన్నారు. ప్రింటు తీసేటప్పుడు నెగటివ్ అంచున ఉన్న గుర్తులు కూడా ఒక్కోసారి ప్రింటు మీదికి దిగుతాయి. అలా దిగినవి నల్లని అంచు మీద తెల్లగా కనిపిస్తాయి. ప్రింటు ఫిల్ముకు సొంతమైన గుర్తులు మాత్రం నల్లగా ఉంటాయి. మావి నల్లనివే గనుక 1937 అన్నది ఈ ప్రింటు వేసిన ఫిల్ము తయారైన ఏడాది. సినిమా తీసినది అంతకు ముందే కావచ్చు, ఆ ఏడాదే కావచ్చు, ఫిల్ము నిల్వ ఉండి ఒకటి రెండేళ్ళ తరువాత కూడా కావచ్చు. ఆయన ఈ మూడు అవకాశాలనూ కాగితం మీద విడివిడిగా రాశారు.

ఇక బొమ్మ. ప్రహ్లాదుడు లేడు, హిరణ్యకశిపుడు లేడు. చితి, కావిడికుండ, భుజాన కర్రతో కాటికాపరి, నేల మీద పడుకోబెట్టిన పిల్లవాడు, పక్కన ఒక స్త్రీ. హరిశ్చంద్ర కాటిసీను అని తెలుగు నాటకం చూసినవారెవరికైనా అర్థమవుతుంది. నేను వెంటనే 1935లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన హరిశ్చంద్ర సినిమా పేరెత్తాను. అందులో హరిశ్చంద్రుడుగా అద్దంకి శ్రీరామమూర్తి, చంద్రమతిగా కన్నాంబ నటించారు. ఆయన కాదనలేదు, అవుననలేదు. ఆ స్త్రీ ముఖం దగ్గరగా కనిపించే చోటు రీలు మొత్తంలో ఒక్కటే ఉంది, సరిగ్గా అక్కడే నైట్రేట్ కుళ్ళి, బొమ్మ మీద తేనె ఒలికినట్టు గోధుమరంగు బుడగలు పొంగాయి. నుదురూ, ఎడమ చెవీ మాత్రం మిగిలాయి. కన్నాంబ గారి పాత స్టిల్సు పక్కన పెట్టి అరగంట చూసి, "ఒక్క చెవితో మనిషిని తేల్చలేం" అని భూతద్దం కింద పెట్టేశారు.

శబ్దం విషయంలో ఆయన కుమార్తె చేసిన పని ప్రత్యేకంగా మెచ్చుకోదగినది. పళ్ళచక్రాలు లేని, చేత్తో తిప్పే చిన్న చట్రం మీద రీలును నడుపుతూ, వేడి పుట్టించని ఎల్‌ఈడీ వెలుతురులో, ప్రతి ఫ్రేమునూ సౌండ్ ట్రాకుతో సహా కెమెరాతో ఫొటో తీశారు. రీలు పొడవు 630 అడుగులు. అడుగుకు 16 ఫ్రేములు చొప్పున 10,080 ఫొటోలు. ఆ ఫొటోలలోని ట్రాకును తిరిగి శబ్దంగా మార్చడానికి, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం వారు తయారుచేసి ఉచితంగా అందిస్తున్న ఏఈఓ-లైట్ అనే సాఫ్ట్‌వేరును వాడారు. ఏడు నిమిషాలలో దాదాపు నాలుగు నిమిషాలు వినిపించింది. గరగరల నడుమ తెలుగు పద్యం, సాగదీసిన రాగం, హార్మోనియం. మా అమ్మ అది విని కళ్ళు మూసుకుని కూర్చుంది. కానీ ఆ పద్యం నాటక సమాజాలు ఊరూరా పాడుకున్నదే కాబట్టి, భాష తెలుగని తేలుతుందే తప్ప ఫలానా సినిమా అని తేలదని నివేదికలో రాశారు.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం చెప్పక తప్పదు. మూడేళ్ళ కింద ఈ రీలునే వేరే ఊళ్ళోని ఒక వీడియో స్టూడియోకు ఇచ్చాను. వారు నెల రోజులు ఉంచుకుని, మిషనుకు పట్టడం లేదని తిరిగి ఇచ్చారు. ఆపరేటర్ గారు రీలు మొదటి కొసను వెలుతురులో పట్టుకుని, పాత కోతలు పసుపుబారి ఉంటాయనీ, ఇది తెల్లగా కొత్తగా ఉందనీ చూపించారు. బొమ్మ లేని భాగం ఎందుకని ముందున్న లీడరును కత్తిరించి పారవేశారన్నమాట. సినిమా పేరునూ రీలు నంబరునూ సిరాతో రాసేది ఆ లీడరు మీదనే. నా చేతులతో నేనే ఇచ్చిన రీలు అది. పాత ఫిల్ము ఉన్నవారు దయచేసి ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి: ఎవరికి ఇచ్చినా, ఒక్క అంగుళం కూడా కత్తిరించరాదని కాగితం మీద రాయించుకుని ఇవ్వండి.

మిగిలిన నాలుగు డబ్బాల సంగతి త్వరగానే తేలింది. రెండింటిలో ఫిలిమ్స్ డివిజన్ వారి 1950ల వార్తాచిత్రాలున్నాయి, పేర్లతో సహా. అవి నైట్రేట్‌లా మండని సేఫ్టీ ఫిల్ము, అంటే అసిటేటు ఫిల్ము, మీదివి; మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. అసిటేటు ఫిల్ము పాడవుతున్నప్పుడు వచ్చే వాసన అది. ఒకదానిలో తెగిన ముక్కల జాయింట్లు. ఐదవది గోధుమరంగు పొడి. దానిని తడిపి, ఆరుబయట పెట్టించారు.

ఇటువంటి దుకాణం బరంపురంలో ఉండడం నాకు సహజంగానే తోస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు రాజధానిలోనిది. ఇక్కడి తెలుగు కుటుంబాలకు తెలుగు నాటకం, తెలుగు సినిమా ఇంటి వస్తువులు. సి. పుల్లయ్య గారి సతీ సావిత్రి 1933లో, లవకుశ 1934లో కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ పక్షాన తయారయ్యాయి. కలకత్తాకూ మద్రాసుకూ నడుమ రైలు మార్గం మా స్టేషను మీదుగానే పోతుంది. డేరా టాకీసుల కుటుంబాలు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి, వారి అటకలూ ఉన్నాయి. సముద్రం పక్కనే ఉన్నందున గాలిలో చెమ్మ మాత్రం ఫిల్ముకు శత్రువు.

మన దేశంలో మూకీలు 1300కు పైగా తయారైతే, ముక్కలతో కలిపి మిగిలినవి ముప్పైకి లోపే. మన దేశపు తొలి టాకీ, 1931 నాటి ఆలం ఆరా కూడా నేడు లేదు. అయితే దొరికినవి దొరికిన చోట్లు చూస్తే ఆశ పుడుతుంది. నవల హక్కుల తగాదాలో చిక్కుకున్న మలయాళ మూకీ మార్తాండవర్మ ప్రింటు తిరువనంతపురంలోని ఒక పుస్తకాల దుకాణంలో పడి ఉండగా, 1974లో జాతీయ ఫిల్మ్ ఆర్కైవుకు చేరింది. 1919 నాటి బిల్వమంగళ్ భాగాలు పారిస్‌లో బయటపడ్డాయి. కాగితం పట్ల కూడా అంతే శ్రద్ధ కావాలి. భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాసుకుంటూ వచ్చారు. పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి సెన్సారు వివరాలనూ పత్రికలనూ వెతికి, 1932 జనవరి 22న బొంబాయిలో సెన్సారు పూర్తయిందనీ, విడుదల 1932 ఫిబ్రవరి 6 అనీ నిరూపించారు. ఆపరేటర్ గారి గోడ మీద ఆ రెండు తేదీలూ సుద్దతో రాసి ఉన్నాయి.

ఖర్చు విషయానికి వస్తే, పరీక్షకు డబ్బాకు 300 రూపాయలు, ఫ్రేముల ఫొటోలకు అడుగుకు 12 రూపాయలు తీసుకున్నారు. నాకు మొత్తం 9,060 అయింది. పని జరిగిన తీరు చూశాక ఇది ఎక్కువ అనిపించలేదు. లోపాలు లేకపోలేదు. మూడు వారాలన్నది ఏడు వారాలు పట్టింది, మధ్యలో ఫోను చేసినా ఎత్తరు. నివేదిక చేతిరాతలో ఒకే ప్రతి ఇస్తారు. నేను అడిగి ఫొటోకాపీ తీయించుకోవలసి వచ్చింది. ఫొటోలు, శబ్దం వేర్వేరు ఫైళ్ళుగా ఇచ్చారు, రెండింటినీ జతచేసి వీడియోగా ఇచ్చి ఉంటే ఇంట్లో పెద్దవారికి చూపించడం తేలికయ్యేది. నైట్రేట్ రీలును దుకాణంలో నిల్వ ఉంచుకోరు, అది మాత్రం లోపం కాదు. నైట్రేట్ మండితే నీళ్ళలో ముంచినా ఆరదు, తన ప్రాణవాయువును తానే పుట్టించుకుంటుంది. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవు వారి నైట్రేట్ రీళ్ళే 2003లో తగలబడిపోయాయి. మామూలు పోస్టులోనో కొరియరులోనో పంపరాదని చెప్పి, పుణెలోని ఆ ఆర్కైవుకు రాయవలసిన ఉత్తరం నమూనా కూడా ఇచ్చారు. గాలి ఆడే డబ్బాలో పెట్టిన ఆ రీలు ప్రస్తుతం మా ఇంటికి దూరంగా, కొట్టంలో చల్లని మూల ఉంది.

నివేదికలో సినిమా పేరు అన్న గడి ఖాళీగా ఉంది. ఎదురుగా పెన్సిలుతో, పాటల పుస్తకం దొరికితే చూడవలెను, అని రాశారు. 1930లలో హాళ్ళ దగ్గర అణాకూ అర్ధణాకూ అమ్మిన ఆ పుస్తకాలలో పద్యాలు వరుసగా ఉంటాయి. మా రీలులో వినిపించే మూడు పద్యాల వరుస ఏ పుస్తకంలోనైనా అదే క్రమంలో కనిపిస్తే గడి నిండుతుంది. హరిశ్చంద్ర కథ మీద వచ్చిన సినిమా పాటల పుస్తకం, అట్ట లేకపోయినా సరే, ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఆ దుకాణానికి తీసుకువెళ్ళండి. పోల్చి చూడడానికి వారు డబ్బు తీసుకోరు. ఆదివారం సెలవు, మిగిలిన రోజులలో సాయంత్రం నాలుగు తరువాత వెళితే ఇద్దరూ ఉంటారు.