తిత్లీ తుపానుకీ చెదరని మెయిళ్లు: 2015 నుంచి థండర్‌బర్డ్‌తో

కాశీబుగ్గలో ఒక జీడి వ్యాపారి ఆఫీసులో లెక్కలు, ఆర్డర్లు చూస్తాను. 2015 నుంచి నా మెయిలంతా థండర్‌బర్డ్‌లోనే, అంటే మెయిళ్లని కంప్యూటర్‌లోకి దించుకుని చూసుకునే సాఫ్ట్‌వేర్‌లో. 2004 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్లు తొలి వెర్షన్ ఇచ్చారు. పైసా కట్టక్కర్లేదు, వాడేవాళ్ల విరాళాలతోనే నడుస్తోంది. మా ఆఫీసులో ఎవరు కొత్తగా చేరినా ముందు దీన్నే పెట్టుకోమంటాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం మీద విరుచుకుపడింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. ఏ ఊరి వ్యాపారికి డబ్ల్యూ-320 రకం జీడిపప్పు ఎన్ని డబ్బాలు ఒప్పుకున్నామో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో అప్పుడే తేల్చాలి. జెనరేటర్ మీద ల్యాప్‌టాప్ ఛార్జి పెట్టి థండర్‌బర్డ్ తెరిస్తే, మూడేళ్ల మెయిళ్లు బిల్లులతో సహా ఎక్కడివక్కడే ఉన్నాయి. పేరు కొట్టగానే వచ్చాయి. బ్రౌజర్‌లోనే మెయిల్ చూసుకునేవాళ్లకి ఆ వారం చేతులు కట్టేసినట్టయింది. మెయిళ్లు మన మిషన్‌లోనే ఉండాలని ఆ రోజు నుంచీ అందరికీ చెబుతున్నాను.

అయితే ఒక్క సంగతి బాగా తెలుసుకోండి. ఐమ్యాప్ (మెయిల్ కంపెనీ సర్వర్‌తో మన కంప్యూటర్‌ని కలిపి ఉంచే పద్ధతి)లో మన దగ్గరున్నది ఆ సర్వర్‌కి అద్దం లాంటిది. ఇక్కడ తీసేస్తే అక్కడా, అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది. సర్వర్‌లో చోటు నిండిందని, నా దగ్గర కాపీ ఉందిలే అనుకుని ఒక ఏడాది మెయిళ్లు చెరిపేశాను. లారీ రసీదులన్నీ పోయాయి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల చుట్టూ తిరిగి మళ్లీ తెచ్చుకోడానికి నెల పట్టింది. పాతవాటిని ముందు సర్వర్‌తో సంబంధం లేకుండా మన కంప్యూటర్‌లోనే ఉండే ‘లోకల్ ఫోల్డర్స్’లోకి జరిపి ఉండాల్సింది. ఇంకోటి, మెయిళ్లు చెరిపినంత మాత్రాన ఫైలు సైజు తగ్గదు, ‘కాంపాక్ట్’ నొక్కాలి.

రోజూ అక్కరకొచ్చేది ఫిల్టర్లు. ఆడిటర్ గారి మెయిల్ వస్తే జీఎస్టీ ఫోల్డర్‌లోకి, కొనేవాళ్లవి ఆర్డర్లలోకి వాటంతటవే వెళ్లిపోతాయి. ఫైలు జతచేయడం మరిచిపోతే గుర్తుచేసే ఏర్పాటు కూడా ఉంది. దాని పదాల జాబితాలో మన మాటలూ చేర్చుకోవచ్చు, నేను ‘జతపరిచాను’ చేర్చాను.

2023లో 115వ వెర్షన్‌తో రూపం మారినప్పుడు వారం రోజులు ఇబ్బందిపడ్డాను. సెట్టింగుల్లో పాత వరుసల పద్ధతి దొరికాక కుదుటపడింది. పాత కంప్యూటర్లలో మొదటిసారి మెయిళ్లన్నీ దించుకునేటప్పుడు బాగా నెమ్మదిస్తుంది, ఓపిక పట్టాలి. 2024 అక్టోబరులో ఆండ్రాయిడ్‌కీ వచ్చింది గానీ, కంప్యూటర్‌లోని లోకల్ ఫోల్డర్స్ ఫోన్‌లో కనబడవు.

ప్రతి శనివారం సాయంత్రం తాళం వేసేముందు ప్రొఫైల్ ఫోల్డర్‌ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తాను. మెయిళ్లు, ఫిల్టర్లు, అడ్రసులు అన్నీ అందులోనే ఉంటాయి. కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దాన్నే తెచ్చి పెట్టుకున్నాను. కాపీకి ముందు థండర్‌బర్డ్ మూసెయ్యడం మాత్రం మరిచిపోకండి.