పాంక్రియాస్ మచ్చల్ని కరిగిస్తాయన్న క్యాప్సూల్స్, మూడు నెలలు వాడాక మా అనుభవం

రేటింగ్: 5 కి 1

మా అన్నయ్యకి తొమ్మిదేళ్ళుగా క్రానిక్ పాంక్రియాటైటిస్ ఉంది, అంటే జీర్ణరసం తయారుచేసే పాంక్రియాస్ (క్లోమం) అనే గ్రంథికి ఏళ్ళ తరబడి ఉండే వాపు. నొప్పి వచ్చిందంటే మనిషి ముందుకి వంగిపోయి, దిండు పొట్టకి గట్టిగా అదుముకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంటాడు, ఎవరైనా పలకరిస్తే మాట్లాడే ఓపిక కూడా లేక చేత్తో సైగ చేస్తాడు. అలాంటి మనిషిని పక్కనే కూర్చుని చూసేవాళ్ళకి "ఫైబ్రోసిస్ రివర్స్ అవుతుంది", అంటే గ్రంథిలో కట్టిన మచ్చలు పోతాయి అన్న రెండు ముక్కలు కనిపిస్తే చెయ్యి ఆగదండి, నాకూ ఆగలేదు. ఈ రివ్యూ అందుకే రాస్తున్నా. కంపెనీ పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే ఇదే ఫార్ములాతో రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, ఒక్కదాని పేరు చెప్తే మిగతావి మంచివేమో అనుకుంటారు.

సీసా ముందు వైపు పెద్ద అక్షరాల్లో "పాంక్రియాస్ ఫైబ్రోసిస్ సపోర్ట్" అని ఉంటుంది. వెనక లేబుల్ చూస్తే ఒక్కో క్యాప్సూల్లో పసుపులో ఉండే కర్క్యుమిన్ 500 మిల్లీగ్రాములు, మిరియాల్లో ఉండే పైపరిన్ 5 మిల్లీగ్రాములు, దాంతో పాటు ద్రాక్షలో ఉండే రెస్వెరట్రాల్, కొంచెం విటమిన్ ఎ. రోజుకి రెండు. అన్నిటికన్నా కింద, నేను ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో, ఇది ఏ జబ్బునీ నయం చెయ్యడానికి కాదు అని రాసుంది. అది నేను చూసింది మూడో నెలలో.

వాళ్ళ వెబ్‌సైట్లో చెప్పిన సైన్స్ మొత్తం అబద్ధమా అంటే కాదు, అదే అసలు చిక్కు. పాంక్రియాస్‌లో స్టెల్లేట్ సెల్స్ అని నక్షత్రం ఆకారంలో ఉండే కణాలు ఉంటాయి, 1998లో రెండు టీములు విడివిడిగా వాటిని వేరు చేసి చూపించాయి. మామూలుగా అవి విటమిన్ ఎ ని చిన్న చిన్న కొవ్వు బొట్లుగా దాచుకుని ఊరికే ఉంటాయి. ఆల్కహాల్ తాగడం వల్లో, సిగరెట్ వల్లో, మళ్ళీ మళ్ళీ వాపు రావడం వల్లో గ్రంథికి దెబ్బ తగిలిందంటే ఆ బొట్లు పోగొట్టుకుని, టీజీఎఫ్ బీటా లాంటి సిగ్నల్స్‌కి రెచ్చిపోయి కొలాజెన్ పోసుకుంటూ పోతాయి. జీర్ణరసం తయారయ్యే మెత్తటి కణజాలం ఉండాల్సిన చోట గట్టి నార లాంటి మచ్చ మిగుల్తుంది. ల్యాబ్‌లో డిష్‌లో పెంచిన ఈ కణాల మీద కర్క్యుమిన్ వేస్తే వాటి దూకుడు తగ్గింది, అది నిజమే. కానీ డిష్‌లో మందు నేరుగా కణం మీద పడుతుంది. మనం మింగిన కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళేదే చాలా కొంచెం, వెళ్ళిందాన్ని కూడా శరీరం గబగబా మార్చేసి బయటికి పంపేస్తుంది. ఆ మార్చడాన్ని కొంచెం ఆపుతుందనే పైపరిన్ కలుపుతారు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం. వెబ్‌సైట్లో "మనుషుల మీద ట్రయల్‌లో రుజువైంది" అని ఒక గ్రాఫ్ పెట్టారు. అది 2005లో వచ్చిన చిన్న పైలట్ స్టడీ, ట్రాపికల్ పాంక్రియాటైటిస్ (మనలాంటి వేడి దేశాల్లో కనిపించే రకం) ఉన్న 20 మంది మీద, 6 వారాలు, డోసు కూడా ఇదే, 500 కర్క్యుమిన్ ప్లస్ 5 పైపరిన్. ఎర్ర రక్తకణాల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని, అంటే కణాలకి జరిగే ఒక రకం రసాయన నష్టాన్ని చూపించే ఒక మార్కర్ తగ్గింది, గ్రాఫ్ దానిదే. అదే పేపర్లో రాసిన రెండో సంగతి, నొప్పిలో ఏ మార్పూ లేదన్నది, వెబ్‌సైట్లో ఎక్కడా లేదు. మచ్చలు తగ్గాయా లేదా అన్నది చూడటానికి పెట్టిన స్టడీయే కాదది. నొప్పితో మెలికలు తిరిగే మనిషి ఇంట్లోవాళ్ళకి అమ్మేటప్పుడు నొప్పి తగ్గలేదన్న మాట ఒక్కటీ తీసేసి అమ్మారు.

వాడిన తీరు చెప్తా. మొదటి రెండు వారాలు అన్నయ్యకి కొంచెం తేలిగ్గా ఉందన్నాడు, "చెల్లీ ఇదేదో పనిచేస్తున్నట్టుందే" అన్నాడు, నేను వెంటనే ఇంకో రెండు సీసాలు ఆర్డర్ పెట్టేశా. ఈ జబ్బులో నొప్పి దానంతట అదే కొన్నాళ్ళు తగ్గి కొన్నాళ్ళు పెరుగుతుంది, అది తెలిసి కూడా ఆశపడ్డా. ఐదో వారంలో నొప్పి మళ్ళీ మామూలే. మూడో నెల చివర్లో ఒళ్ళంతా దురద, నీరసం, మూత్రం ముదురు రంగులో రావడం మొదలైంది. టెస్ట్ చేయిస్తే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ, అంతకుముందు 38 ఉన్నది, 142కి ఎక్కింది. డాక్టర్ గారు ముందు స్కాన్ చేయించి, పాంక్రియాస్ వాచి పిత్తనాళాన్ని నొక్కుతోందేమో చూశారు, లేదు. అప్పుడు అడిగారు, "కొత్తగా ఇంకేమైనా వాడుతున్నాడా అమ్మా?" అని. నేను బ్యాగులోంచి సీసా తీసి టేబుల్ మీద పెట్టా. ఆయన తిట్టలేదు, లేబుల్ తిప్పి చదివి "ఈ రోజు నుంచే ఆపేయండి" అన్నారు. ఆపిన ఆరు వారాలకి 41కి వచ్చింది, దురద అంతకంటే ముందే పోయింది.

ఇది మా ఒక్కళ్ళకే జరిగిందేమో అనుకున్నా గానీ కాదు. మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసుల్ని రాసిపెట్టే నెట్‌వర్క్ ఒకటి అమెరికాలో ఉంది, వాళ్ళు 2022లో పసుపు సప్లిమెంట్ల వల్ల వచ్చిన 10 కేసులు ప్రచురించారు, అందులో 5 గురు హాస్పిటల్లో చేరారు, ఒకరు చనిపోయారు. కొందరు వాడిన వాటిల్లో పైపరిన్ కూడా దొరికింది. అందరికీ ఇలా అవుతుందని చెప్పట్లేదు, కొందరి జన్యువుల్ని బట్టి రిస్క్ ఎక్కువ. కానీ సీసా మీద లివర్ టెస్ట్ చేయించుకోండి అన్న ఒక్క ముక్క లేదు.

కస్టమర్ కేర్ గురించి: ఫోన్ చేస్తే ఎత్తారు, మర్యాదగానే మాట్లాడారు. "మేడం, ఆరు నెలలు వాడితేనే రిజల్ట్ కనపడుతుందండి, శరీరంలో టాక్సిన్స్ బయటికి పోతున్నాయి, అందుకే దురద" అన్నారు. లివర్ రిపోర్ట్ మెయిల్ చేస్తానంటే వద్దన్నారు. ఆ అమ్మాయి చెప్పినట్టు విని ఇంకో మూడు నెలలు వేసుంటే ఏమయ్యేదో అని నాకిప్పటికీ వణుకు. రిఫండ్ అడిగా, తెరిచిన సీసాలకి ఇవ్వం అన్నారు, తెరవని ఒక్కదానికి ఇస్తామన్నారు, ఇంకా రాలేదు.

మరి నిజంగా మచ్చల మీద పనిచేసే మందు రాదా అని నేను డాక్టర్ గారిని అడిగా, ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చారో ఓపిగ్గా చెప్పారు, నేను కూడా తర్వాత చదువుకున్నా. పిర్ఫెనిడోన్ అని ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టే జబ్బుకి వాడే మందు ఉంది, దాన్ని పాంక్రియాటైటిస్ తెప్పించిన ఎలుకలకి ఇస్తే ఫైబ్రోసిస్ తగ్గింది. విటమిన్ డి రిసెప్టర్ మీద పనిచేసే మందు స్టెల్లేట్ సెల్స్‌ని మళ్ళీ నిద్రపుచ్చిందని 2014లో ఎలుకల్లోనే చూపించారు. బీపీకి వాడే కొన్ని మందులు కూడా అలాగే, జంతువుల దగ్గర బాగున్నాయి. విటమిన్ ఎ నుంచి వచ్చే ఏట్రా అనే మందుని మనుషుల్లో పాంక్రియాస్ క్యాన్సర్‌కి కీమోతో కలిపి చూశారు, అది డాక్టర్లు డోసు కొలిచి ఇచ్చే మందు, మన సీసాలో విటమిన్ ఎ తో దానికి పోలికే లేదు. జపాన్‌లో కామోస్టాట్ అనే మాత్ర ఈ జబ్బుకి ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు, కానీ మనుషుల్లో మచ్చలు తగ్గుతాయన్న రుజువు దానికీ లేదు.

ఎలుక దగ్గర్నుంచి మనిషి దాకా రావడం ఎందుకింత కష్టం అంటే, మచ్చ తగ్గిందని కొలిచేదెలా? లివర్‌లో లాగా సూది పెట్టి ముక్క తీసి చూడటం పాంక్రియాస్‌లో అంత సులువు కాదు, ఆ సూదికే మళ్ళీ వాపు రావచ్చు. మచ్చ కట్టడానికి ఏళ్ళు పడుతుంది, ట్రయల్ కూడా అన్నేళ్ళు నడవాలి. ఇంకోటి, మచ్చ కణజాలాన్ని ఎలా పడితే అలా కరిగించేస్తే మంచిదే అని కూడా అనుకోవడానికి లేదు. క్యాన్సర్ చుట్టూ ఉండే అలాంటి కణజాలాన్ని తగ్గించాలని చూసిన ఒక మందు ట్రయల్‌ని 2012లో మధ్యలో ఆపేశారు, మందు తీసుకున్నవాళ్ళకే పరిస్థితి ఇంకా బాలేదని. ఇది విన్నాక "కరిగిస్తుంది" అన్న మాట ఎక్కడ చూసినా నాకు భయమే.

యాంటీ ఆక్సిడెంట్ల సంగతి ఒక్క మాటలో: 2009లో ఢిల్లీ స్టడీలో నొప్పి తగ్గింది, 2012లో మాంచెస్టర్ స్టడీలో తగ్గలేదు. రెండిట్లో పేషెంట్లు వేరే రకం. డాక్టర్‌తో మాట్లాడి వాడేవాళ్ళు వాడండి, కానీ అది కూడా నొప్పి కోసమే, మచ్చలు పోతాయని కాదు.

ఇప్పుడు అన్నయ్యకి మేలు చేస్తున్నవి చెప్తా, ఎందుకంటే ఈ క్యాప్సూల్స్ హడావిడిలో వాటిని సరిగ్గా పట్టించుకోలేదు. తిన్నది అరగడానికి ఇచ్చే ఎంజైమ్ క్యాప్సూల్స్ ముందు నుంచీ ఉన్నాయి గానీ భోజనం అయిపోయాక మింగేవాడు. డాక్టర్ గారు చూసి సగం మొదటి ముద్దతో, మిగతా సగం భోజనం మధ్యలో వేసుకోమన్నారు, డోసు కూడా పూటకి 50,000 యూనిట్ల లైపేజ్‌కి (కొవ్వుని అరిగించే ఎంజైమ్) పెంచారు. మలంలో ఎలాస్టేజ్ అనే పాంక్రియాస్ ఎంజైమ్ 84 ఉంది, 200 కన్నా తక్కువ ఉంటేనే గ్రంథి నుంచి ఎంజైములు సరిపడా రావట్లేదన్నట్టు. రెండు నెలల్లో నూనె తేలే విరేచనాలు ఆగి మూడు కిలోలు బరువు పెరిగాడు. విటమిన్ డి చాలా తక్కువుంటే అది విడిగా ఇచ్చారు. సిగరెట్ పూర్తిగా మానేశాడు, అది ఎంత కష్టపడి మానాడో నాకు తెలుసు. మచ్చ అలాగే ఉంది, స్కాన్‌లో రాళ్ళూ అలాగే ఉన్నాయి. డక్ట్‌లో (పాంక్రియాస్ నాళంలో) రాళ్ళకి ఎండోస్కోపీయా సర్జరీయా అన్నది వచ్చే నెల మాట్లాడాలి. 2020లో వచ్చిన డచ్ ట్రయల్‌లో 88 మందిని చూస్తే తొందరగా సర్జరీ చేయించుకున్నవాళ్ళకి నొప్పి తక్కువుందట, ఆ పేపర్ ప్రింట్ తీసి పెట్టుకున్నా, అడగడానికి.

ఇవే క్యాప్సూల్స్ మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే దయచేసి ఈ వారంలోనే లివర్ టెస్ట్ చేయించండి, సీసాని డాక్టర్‌కి చూపించండి, దాచొద్దు. మా సీసాలో ఇంకా పదకొండు మిగిలాయి, పారెయ్యలేదు, లేబుల్ కోసం ఫైల్ పక్కనే పెట్టా.