డిగ్రీలో అకౌంటింగ్: మూడేళ్లు చదివి, ఏడేళ్లు పనిచేశాక

అకౌంటింగ్ ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ చదివాను. ఆ తర్వాత ఏడేళ్లుగా దాని మీదే బతుకుతున్నాను. చేరే ముందు అందరూ ఒకటే మాట చెప్పారు, "లెక్కలు బాగా వస్తే చాలు" అని. ఆ మాట నమ్మి చేరకండి, ఆ మాటకు భయపడి మానేయకండి. కూడికలు, తీసివేతలు, శాతాలు దాటి నాకు పెద్దగా ఏమీ అవసరం పడలేదు (స్టాటిస్టిక్స్ పేపర్ గోల వేరే). ఓపిక మాత్రం బోలెడు కావాలి.

మొదటి ఏడాదంతా డెబిట్, క్రెడిట్‌లతో కుస్తీ. వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్ అని సూత్రాలు బట్టీ పట్టేశాను. కానీ ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. ఖాతాలో డబ్బు పడితే బ్యాంకు మెసేజ్‌లో "క్రెడిట్ అయింది" అని వస్తుంది. పుస్తకమేమో డబ్బు వస్తే డెబిట్ అంటుంది. క్లాసులో అడిగితే, సూత్రం ప్రకారం వెళ్లమన్నారు. కొన్ని నెలలకు నాకే వెలిగింది. ఆ మెసేజ్ బ్యాంకు తన పుస్తకం చూసి పంపేది. నేను దాచిన డబ్బు బ్యాంకుకు అప్పు, నాకు తిరిగివ్వాల్సిన సొమ్ము. అందుకే వాళ్ల పుస్తకంలో అది క్రెడిట్, నా పుస్తకంలో డెబిట్. ఆ తర్వాత సూత్రాలతో పనిలేకపోయింది. ఆస్తులు = అప్పులు + మూలధనం, ఈ ఒక్క సమీకరణం పట్టుకుని మిగతాదంతా లాక్కొచ్చాను.

చేత్తో చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఖాతాల వారీ పుస్తకం) రాయించడం పాతకాలపు చాదస్తం అనుకునేవాణ్ని. ఇప్పుడలా అనుకోను. ప్రతి లావాదేవీనీ ఒక చోట డెబిట్‌గా, మరో చోట క్రెడిట్‌గా రాసే ఈ జంట పద్దు విధానాన్ని లూకా పాచోలీ అనే సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. ఆయన కనిపెట్టింది కాదు, వర్తకులు అప్పటికే వాడుతున్నదే. ఈనాటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లోపల నడిచేదీ అదే. చేత్తో రాసినవాడికే అది ఎక్కడ తప్పుతోందో కనిపిస్తుంది.

అంకణా (మనం ట్రయల్ బ్యాలెన్స్ అనేదే, డెబిట్‌ల మొత్తం క్రెడిట్‌ల మొత్తంతో సరిపోయిందో చూసే పట్టిక) కుదరని రాత్రులు నాకింకా గుర్తే. ఒకసారి 270 తేడా వచ్చింది. రెండు గంటలు వెతికాను, దొరకలేదు. సీనియర్ ఒకడు వచ్చి, "తొమ్మిదితో భాగించి చూడరా, శేషం లేకుండా పోతే అంకెలు తారుమారయ్యాయేమో" అన్నాడు. 270ని 9తో భాగిస్తే 30, శేషం లేదు. వెనక్కి వెళ్లి చూస్తే 4,850 ఉండాల్సిన చోట 4,580 ఉంది. తేడా రెండుతో పోతే, ఆ తేడాలో సగం ఉన్న పద్దు ఏదైనా డెబిట్‌కు బదులు క్రెడిట్ వైపో, క్రెడిట్‌కు బదులు డెబిట్ వైపో పడిందేమో చూడాలట. ఇవి ప్రతిసారీ పనిచేసే మంత్రాలేం కావు గానీ, వెతుకులాట సగానికి తగ్గుతుంది.

ఈ చదువు మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే. అంకణా కుదిరితే లెక్క సరైనట్టేనని మనసులో ముద్ర పడిపోతుంది. కుదిరినా తప్పులుండొచ్చని పాఠంలో ఉంది. పరీక్షకు నాలుగు పాయింట్లు రాసి మరిచిపోయాం. రిపేరు ఖర్చును యంత్రం ఖాతాలో వేస్తే డెబిట్ డెబిట్‌గానే ఉంటుంది, తేడా రాదు. ఖర్చు కాస్తా ఆస్తిగా మారి, లాభం మాత్రం పెరిగిపోతుంది. అమెరికా టెలికాం సంస్థ వరల్డ్‌కామ్ కావాలని చేసింది ఇదే. వేరే కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టిన ఛార్జీలను ఆస్తులుగా చూపింది. 2002 జూన్‌లో బయటపెట్టినప్పుడు ఆ మొత్తం 380 కోట్ల డాలర్లు. పట్టుకున్నది సంస్థలోని ఇంటర్నల్ ఆడిట్ వాళ్లే. మాకు ఇది క్లాసులో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పాఠం నాలుగు మార్కుల ప్రశ్నలా అనిపించేది కాదు.

తరుగుదల, అంటే యంత్రం ఖరీదును అది పనిచేసే ఏళ్లకు ఖర్చుగా పంచడం, దాని సంగతీ అంతే. లక్ష విలువైన యంత్రం, చివరికి అమ్మితే 10,000 వస్తుంది, ఐదేళ్ల జీవితకాలం అని లెక్కలోనే ఇచ్చేస్తారు. ఏడాదికి 18,000 అని రాసి అడ్డగీత కొట్టేస్తాం. ఉద్యోగంలో ఆ ఐదేళ్లు ఎవరూ ఇవ్వరు, మనమే తేల్చాలి. పదేళ్లంటే తరుగుదల 9,000కు పడిపోతుంది. ఒక్క పైసా చేతులు మారకుండా ఆ ఏడాది లాభం 9,000 పెరుగుతుంది. చేరిన కొత్తలో "ఎన్నేళ్లు పెడదాం?" అని నన్నే అడిగితే నోట మాట రాలేదు.

కాస్టింగ్, అంటే వస్తువు తయారీకి ఎంత ఖర్చవుతుందో తేల్చే పేపర్, నాకు బాగా నచ్చింది. ముఖ్యంగా బ్రేక్ ఈవెన్, ఎన్ని అమ్మితే నష్టం ఆగుతుందో చెప్పేది. ఆడిటింగ్ మాత్రం థియరీగా చదివితే నిద్రొస్తుంది. డబ్బు ఎక్కణ్నుంచి వచ్చి ఎటు పోయిందో చూపే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ చివరి ఏడాదిలో హడావిడిగా ముగించారు. నిజానికి లాభం ఉన్న కంపెనీ జీతాలు ఇవ్వలేక ఎందుకు తిప్పలు పడుతుందో అర్థమయ్యేది దానితోనే.

ఇప్పుడు చేరుతున్నవాళ్లకు నా సలహా: ఎక్సెల్‌ను మొదటి ఏడాదే పట్టుకోండి, కాలేజీ నేర్పుతుందని కూర్చోవద్దు. ఏదైనా కంపెనీ వార్షిక నివేదిక దించుకుని వెనక ఉండే నోట్స్ చదవండి. అక్కడ తరుగుదల పాలసీ దగ్గర, ఏ ఆస్తికి ఎన్నేళ్లు అని వాళ్లే రాసి ఉంటారు. నేను అది మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరిన మూడో వారంలో.