కెమెరా ఉన్న గూడు పెట్టె: బొమ్మ కోసం కాదు, చప్పుడు కోసం కొనండి

పిట్టలు గూడు కట్టుకోవడానికి తోటలో తగిలించే చెక్క పెట్టెని గూడు పెట్టె అంటారు. కెమెరా ఉన్న గూడు పెట్టె కొనేవాళ్లు ముందుగా చూసేది బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందో అని. నన్నడిగితే ముందు చూడాల్సింది మైక్ ఉందా లేదా అని. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో మా ఇంటి వెనక తోటలో, షెడ్డు గోడకి ఒకటి బిగించాం. ఈ వసంతంలో అందులో బ్లూ టిట్‌ల జంట కాపురం పెట్టింది. ఆ సీజన్ మొత్తం చూసి, విని రాస్తున్నాను.

బ్లూ టిట్ తెలియనివాళ్లకి: నీలం టోపీ, తెల్ల బుగ్గలు, కంటి మీదుగా నల్ల గీత, పసుపు పొట్ట. బరువు సుమారు 11 గ్రాములు, అంటే పాత లెక్కలో తులం బంగారమంత. ఇంగ్లండ్‌లో చిన్న తోట ఉన్న ఇంటికి కూడా వస్తుంది. కొమ్మ చివర తలకిందులుగా వేలాడుతూ పురుగులు ఏరుకుంటుంది.

ముందు పెట్టె సంగతి. చెక్క మందంగా ఉంది, అది చాలా ముఖ్యం. పల్చటి చెక్కయితే లోపల ఎండకి ఉడుకుతుంది, చలికి గడ్డ కడుతుంది. అడుగున నీళ్లు దిగిపోవడానికి చిన్న రంధ్రాలున్నాయి. ద్వారం దగ్గర పిట్ట వాలే పుల్ల లేదు, అది ఇంకా మంచిది. చూడ్డానికి ముద్దుగా ఉంటుందని కొన్ని పెట్టెలకి పుల్ల పెడతారు గానీ ఈ పిట్టలకి దాని అవసరం లేదు, వేటాడే జంతువులకే పట్టు దొరుకుతుంది. ద్వారానికి మార్చుకునే లోహపు ప్లేట్లు మూడు ఇచ్చారు. 25 మిల్లీమీటర్ల రంధ్రం బ్లూ టిట్‌కీ, దాని చుట్టం కోల్ టిట్‌కీ. 28 పెడితే ఇంకో చుట్టం, కాస్త పెద్దదైన గ్రేట్ టిట్ దూరుతుంది. 32 పెడితే పిచ్చుకలు వస్తాయి. మూడు మిల్లీమీటర్ల తేడాతో ఇంట్లో ఎవరుండాలో మనమే నిర్ణయించవచ్చు. పైగా లోహం ఉంటే వడ్రంగి పిట్ట రంధ్రాన్ని పెద్దది చేసి పిల్లల్ని ఎత్తుకుపోలేదు, ఉడత కొరకలేదు. ఈ ప్లేట్లు లేని పెట్టె ఎంత చవకగా వచ్చినా నేను తీసుకోను.

కెమెరా పగలు రంగుల్లో, రాత్రి ఇన్‌ఫ్రారెడ్‌లో చూపిస్తుంది. ఒక లోపం ఉంది. కంపెనీవాళ్లు ఫోకస్‌ని పెట్టె అడుగుకి సెట్ చేసి పంపుతారు. కానీ ఈ పిట్ట అడుగంతా నాచు పరిచి, పైన వెంట్రుకలూ ఈకలూ వేసి గూడు కడుతుంది. గుడ్లు అడుగు కన్నా చాలా పైన ఉంటాయి. అందుకే బిగించే ముందే లోపల ఒక టెన్నిస్ బంతి పెట్టి, లెన్స్ తిప్పి, బంతి మీద ఫోకస్ సరి చేసుకోండి. పిట్ట చేరాక పెట్టె తెరవకూడదు. యాప్ మాత్రం నాకు నచ్చలేదు. పిట్ట ఈక కదిపినా ఫోన్ మోగుతుంది. నోటిఫికేషన్లు ఆపేసి, రికార్డింగ్ ఒక్కటే ఉంచుకోండి.

ఇక మైక్ గురించి. మొదట విన్నది టక్ టక్ అని కొట్టడం. ఆడపిట్ట ద్వారం అంచునీ లోపలి గోడనీ ముక్కుతో పొడుస్తూ ఉంటుంది. మా పక్కింటి పెద్దాయనకి ఆ రికార్డింగ్ వినిపిస్తే తన చిన్నప్పటి పాల సీసాల కథ చెప్పాడు. తెల్లారి గడప ముందు పెట్టిన సీసాల రేకు మూతలు పొడిచి పైనున్న మీగడ తాగేసేవట ఇవే పిట్టలు. ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. టిట్‌లు సీసా మూతలు తెరవడం సౌతాంప్టన్ దగ్గర స్వేత్‌లింగ్‌లో 1921లోనే నమోదయింది. తర్వాత అది దేశమంతా పాకింది. పక్షుల మీద పరిశోధన చేసిన జేమ్స్ ఫిషర్, రాబర్ట్ హైండ్ 1949లో దాని మీద వ్యాసం రాశారు. ఎవరూ నేర్పకుండా తులం బరువు పిట్ట కొత్త తిండి దొరికించుకుందంటే ఆ బుర్ర ఎంత చురుకైనదో చూడండి.

గుడ్లు పెట్టే రోజుల్లో పొద్దున్నే చూస్తే ఒకటి చొప్పున పెరుగుతూ వచ్చాయి, మొత్తం తొమ్మిది. ఒక్కో గుడ్డు గ్రాముకి కొంచెం ఎక్కువ. అన్నీ కలిపితే తల్లి బరువుకి దగ్గరగా వస్తాయి! పూర్తిగా పొదగడం మొదలుపెట్టేదాకా బయటికి వెళ్లేటప్పుడల్లా గుడ్ల మీద మెత్తటి ఈకలు కప్పి వెళ్లేది. కాబట్టి ఒకరోజు కెమెరాలో గుడ్లు కనిపించకపోతే టెన్షన్ పడకండి, అవి కిందే ఉంటాయి.

పొదిగేది ఆడదే, రెండు వారాల దాకా. మగది తిండి తెచ్చి పెడుతుంది. నిజానికి కెమెరాలో ఏది ఆడో ఏది మగో రూపం చూసి నేను చెప్పలేకపోయాను, ఎవరు పొదుగుతున్నారో చూసి గుర్తుపట్టాను. వాటికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. తల మీది నీలం అతినీలలోహిత కాంతిని కూడా ప్రతిఫలిస్తుంది, మగదానికి అది ఎక్కువ. ఆ కాంతి మన కంటికి అందదు, వాటి కంటికి అందుతుంది.

ఒక రాత్రి మా అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఉంది. అక్కడ తెల్లారుతోంది. పెట్టెలోని కెమెరాలో కనిపిస్తున్న గూడుని అమ్మకి చూపిస్తున్నాను. అప్పుడే పక్కింటి పిల్లి షెడ్డు కప్పు మీదకి దూకింది. లోపల నుంచి బుస్సుమని గట్టి చప్పుడు, దాంతోపాటు రెక్కలు గోడకి కొట్టిన శబ్దం. "ఒసే, గూట్లోకి పాము దూరిందే!" అని అమ్మ అరిచింది. "కాదమ్మా, పిట్టే" అంటే ఎంతకీ నమ్మలేదు. పొదిగే టిట్‌లు ఎవరైనా పైకొస్తే ఇలాగే బుస కొడతాయి. చీకటి తొర్రలో ఆ చప్పుడు విన్న జంతువు ముక్కు లోపల పెట్టడానికి జంకుతుంది. పిల్లి దిగి వెళ్లిపోయింది. బొమ్మ మాత్రమే ఉన్న పెట్టెలో అయితే పిట్ట ఒక్కసారి ఒళ్లు విదిలించినట్టు కనిపించేది, అంతే.

పిల్లలు పుట్టాక వినాల్సింది ఇంకా ఉంది. కళ్లు తెరవని రోజుల్లో తల్లో తండ్రో వచ్చి వాలిన అలికిడికే అన్నీ ఒక్కసారి నోళ్లు తెరుస్తాయి. మొదట సన్నగా కీచుమంటాయి, పోనుపోను ఆ గోల షెడ్డు బయటికి వినిపిస్తుంది. ఒక్కో పిల్లకి రోజుకి వంద దాకా గొంగళి పురుగులు కావాలి. కంచె అవతల ఓక్ చెట్టు ఉండబట్టి మా జంట నెట్టుకొచ్చింది. ఈ పిట్టల వసంతమంతా ఓక్ ఆకుల మీది పురుగులతో ముడిపడి ఉంటుంది. పిల్ల రెట్ట తెల్లటి పొర సంచిలో ఉండలా వస్తుంది, పెద్దవి దాన్ని ముక్కుతో పట్టుకుని బయట పారేస్తాయి. అందుకే అంత ఇరుకులోనూ గూడు శుభ్రంగా ఉంటుంది.

ఒక పిల్ల బతకలేదు. మిగతావాటి కింద పడి రెండు రోజులు నోరు తెరవలేకపోయింది. చిన్నపిల్లలకి చూపించేవాళ్లు ఇలాంటివి కూడా కనిపిస్తాయని ముందే తెలుసుకోండి. మా బాబు చాలా ఏడ్చాడు. మిగిలినవి మూడు వారాలు నిండకముందే ఒకే పొద్దున ఒకదాని వెనక ఒకటి ఎగిరిపోయాయి.

ఇండియాలో ఉన్నవాళ్లు అడుగుతున్నారు కాబట్టి: మన తూర్పు కనుమల అడవుల్లోనూ టిట్ ఉంది. బూడిద రంగు వీపు, నల్ల తల, తెల్ల బుగ్గలు. దాన్ని సినేరియస్ టిట్ అంటారు, ఒకప్పుడు గ్రేట్ టిట్‌లోనే కలిపి లెక్కపెట్టేవారు. అదీ తొర్రల్లోనే గూడు పెడుతుంది. చెట్లున్న చోట దానికీ పెట్టె పెట్టి చూడొచ్చు, ద్వారం 28 ఉంచండి.

నాకు వైర్ మోడల్ 90 పౌండ్ల చిల్లర పడింది. వైఫైది ఇంకా ఎక్కువ. షెడ్డు దాకా సిగ్నల్ సరిగా రాదు కాబట్టి వైర్‌దే తీసుకున్నాను, సీజన్ మొత్తం ఒక్కసారీ ఆగలేదు. ఇక్కడ ఏటా ఫిబ్రవరి 14 నుంచి గూడు పెట్టెల వారం జరుపుతారు, చాలామంది అప్పుడే కొంటారు. కుదిరితే శరదృతువులోనే బిగించండి. చలికాలం రాత్రిళ్లు అందులో పడుకుని పిట్టలు చోటుకి అలవాటు పడతాయి. ఉత్తరానికీ తూర్పుకీ మధ్య ముఖం ఉంచండి, ఎండా వానజల్లూ నేరుగా కొట్టవు. సీజన్ అయ్యాక పాత గూడు తీసేసి మరిగే నీళ్లతో కడగండి, పురుగుమందు వద్దు.

కెమెరాకి మూడు స్టార్లు, యాప్‌కి రెండు, చెక్క పనికీ మైక్‌కీ ఐదేసి. లెస్టర్‌లో ఉన్న మా చెల్లికి ఇదే మోడల్ ఆర్డర్ పెట్టాను.