ఊరి నుంచి సాఫ్ట్‌వేర్ పని: పైసలియ్యకున్నా వచ్చి ఉంటున్నదాని రివ్యూ

మా చిన్నమ్మ కొడుకు అమెరికాల టల్సాల ఉంటడు. అక్కడికి మారినందుకు ఒక స్కీం కింద వానికి 10,000 డాలర్లు ఇచ్చిన్రు, అంటే మన పైసల్ల 8 లక్షల పైనే, ఏం చేసినందుకయ్యా అంటే లాప్‌టాప్ పట్టుకొని వచ్చి ఏడాది ఉన్నందుకు. ఈ ముచ్చట ఫ్యామిలీ గ్రూపుల పడ్డప్పటి నుంచి అందరు నన్ను ఆడుకుంటున్నరు, "నువ్వు కరోనా కాంచి ఊర్లె కూసొని గదే పని చేస్తున్నవ్ గదా, నీకేమిచ్చిన్రే" అని. ఎవ్వలేమియ్యలే. అందుకే ఈ రివ్యూ, పైసలు తీస్కోకుండ రాస్తున్న కాబట్టి నిజమే రాస్త.

నాది టెస్టింగ్ జాబ్, కంపెనీ హైదరాబాద్‌ల, క్లయింట్ అమెరికాల. ఉండేది అత్తగారింట్ల, హన్మకొండ నుంచి ములుగు రోడ్డు పట్టి పోయి లోపలికి తిరగాలె, గంట పడతది. మా ఆయనది ఎరువుల దుకాణం.

ముందు నెట్ సంగతి, అందరు అడిగేది గదే. స్పీడ్ మంచిగనే ఉంటది, వీడియో కాల్‌కి ఏం కాదు, కూకట్‌పల్లిల ఉన్నప్పటి కన్న తక్కువేం కాదు. కష్టమంతా కోతులతోటి. నవ్వకుండ్రి, ఉత్తర తెలంగాణల ఊర్లె ఉన్నోళ్లకు తెలుసు, స్తంభాల మీద వేలాడే ఫైబర్ వైర్ పట్టుకొని ఊగుతయి, కొరుకుతయి, తెంపి పడేస్తయి. తెగినంక కేబుల్ తమ్ముడు తెగిన ఫైబర్ అతికించే స్ప్లైసింగ్ మిషన్ తెచ్చుకొని బండి మీద రావాలె, ఆ మిషన్ వేరే ఊర్లె ఉంటే మన వంతు వచ్చేదాక ఫోన్ హాట్‌స్పాటే. టీ-ఫైబర్ అని ఊరూరికి నెట్ ఇచ్చే సర్కారు ప్రాజెక్టు కోసం మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాలల్లనే కేబుల్ పైపులు గూడ వేసిన్రు, ఆ పద్ధతి నాకు మస్తు నచ్చింది, ఎందుకంటే భూమిల ఉన్న లైన్‌ని కోతి ఏం చెయ్యలేదు. ఇంక మేడారం జాతరప్పుడైతే మర్చిపోవుడే, 2024 ఫిబ్రవరిల ఆ నాలుగు రోజులు రోడ్డు నిండ బస్సులు, టవర్ జామ్, ఫోన్‌ల నెట్ చుక్క రాలే, నేను ముందే లీవ్ పెట్టుకొని తల్లుల దగ్గరికి పోయి వచ్చిన. ఎండకాలం సాయంత్రాలు గాలిదుమారం వస్తే కరెంట్ పోతది, అది నా కాల్స్ మొదలయ్యే టైమే. ఇన్వర్టర్ తప్పదు, రౌటర్‌కు వేరేగ చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఇంక మంచిది.

నెట్ కన్న పెద్ద పంచాయితీ ఇంట్ల ఉంటది, ముఖ్యంగ కోడలివి అయితే. ఇంట్లనే ఉన్నది గదా అని సుట్టమొస్తే నేనే చాయ్ పెట్టాలె, పాలాయన పిలిస్తే నేనే పోవాలె, కాల్‌ల ఉన్న అంటే "ఫోన్ పక్కకు పెట్టి జర రా బిడ్డా" అంటరు. షిఫ్ట్ రాత్రి దాక ఉంటది కాబట్టి పొద్దుగాల లేట్‌గ లేస్తే వాడకట్టంతా ముచ్చటే. చివరికి నేను ఒక రూల్ పెట్టిన, మేడ మీది రూం తలుపుకు ఎర్ర తువ్వాల కట్టి ఉంటే ఎవ్వలు తలుపు కొట్టొద్దని. మొదట్ల వచ్చినోళ్లందరు లోపల ఎవరికన్న అమ్మవారు పోసిందా అని అడిగిన్రు, వేపమండలు లేకుంట తువ్వాల ఏందని. కాని మా అత్తమ్మ ఆ తువ్వాలను నాకన్న గట్టిగ నిలబెట్టింది, ఇప్పుడు సొంత ఆడిబిడ్డనైనా కిందనే ఆపుతది. ఈ సపోర్ట్ లేకుంటె నేను ఆరు నెలలకే పట్నం బస్ ఎక్కేదాన్ని, ఇది ఏ స్కీంల ఇయ్యరు.

ఖర్చు అంటే, రెంట్ మిగుల్తది, అదే పెద్దది. పాలు, కూరగాయలు, బియ్యం ఇంటివే. కాని పిల్లకు స్కూల్ బస్సు, ఇన్వర్టర్ బ్యాటరీ, రెండో సిమ్ రీచార్జ్, రాత్రిపూట జ్వరమొస్తే కార్ ఏసుకొని హన్మకొండ ఉరుకుడు, ఇవన్నీ లెక్కేస్తే మిగిలేది జనాలు అనుకునేంత ఉండదు. స్కూల్ విషయంల నాకు ఇంక తృప్తి లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న.

టల్సా తమ్ముని దగ్గర అడిగి తెలుసుకున్నదేందంటే, మొదట టల్సా పల్లె కాదు, 4 లక్షల మంది ఉండే సిటీ, మన వరంగల్ దానికన్న పెద్దది. జార్జ్ కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ 2018ల ఈ స్కీం మొదలువెట్టింది, సర్కారు పైసలు కావు. వాడు 10,000 డాలర్ల గురించి తక్కువ చెప్తడు, వేరేవేరే కంపెనీలోళ్లు ఒక్కకాడ కూసొని పని చేసుకునే కోవర్కింగ్ ఆఫీసుల సీటు, వారం వారం కలుసుకునుడు, కొత్తగ వచ్చినోళ్లంత ఒకళ్లకొకళ్లు తెలుసుడు, వీటి గురించే ఎక్కువ చెప్తడు. పృథ్వీరాజ్ చౌదరి అనే ప్రొఫెసర్, ఆయన హార్వర్డ్‌ల ఉన్నప్పుడు టల్సాకు మారినోళ్ల మీద చేసిన స్టడీల గూడ ఇండ్ల ఖర్చు తగ్గుడు ఒకటి, ఊరి జనంతోని కలిసిపోవుడు ఒకటి అని వచ్చింది. నాకు ఇక్కడ లేనిది ఆ రెండోదే. ఊర్లె మనుషులకు కొదువ లేదు, కాని ప్రొడక్షన్‌ల బగ్ వచ్చి తల పట్టుకున్నప్పుడు నా బాధ అర్థమయ్యేటోళ్లు ఒక్కరు లేరు.

అసలైన పల్లెల ముచ్చట అంటే వెస్ట్ వర్జీనియా. అమెరికాల బొగ్గు బాయిల రాష్ట్రం, పని తగ్గి జనం వెళ్లిపోయిన్రు, మన భూపాలపల్లి దిక్కోళ్లకు చెప్తె వెంటనే అర్థమైతది. ఇంట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పాత సీఈఓ బ్రాడ్ స్మిత్‌ది ఆ రాష్ట్రమే, ఆయన కుటుంబం అక్కడి యూనివర్సిటీకి 25 మిలియన్ డాలర్లు ఇస్తె 2021ల స్కీం స్టార్ట్ అయింది, వచ్చినోళ్లకు 12,000 డాలర్లు రెండేండ్లల్ల కొంచెం కొంచెంగ ఇస్తరు. స్విట్జర్లాండ్‌ల అల్బినెన్ అని కొండ మీది ఊరు ఇంక గట్టిది, 45 ఏండ్ల లోపు పెద్దోళ్లకు ఒక్కొక్కరికి 25,000 ఫ్రాంకులు, ఒక్కో పిల్లకు 10,000, కాని ఇల్లు కొనాలె లేకుంటె కట్టాలె, పదేండ్లు ఉండాలె, మధ్యల పోతే పైసలు వాపస్.

ఇదే మన దగ్గర పెడితే ఏమైతదో నాకు కండ్ల ముందు కనవడుతుంది. మా ఊర్లె ఓటర్ లిస్టుల ఉన్నోళ్లల్ల చానమంది హైదరాబాద్‌లనే ఉంటరు, ఆధార్ ఊరిది, ఓటు ఊరిది, సర్పంచ్ ఎలక్షన్ల రోజు కార్లేసుకొని దిగుతరు, మళ్ల బతుకమ్మకు కనవడతరు. స్కీం వచ్చిందంటే ఫస్ట్ అప్లికేషన్ వాళ్లదే, అడ్రస్ ప్రూఫ్ పక్కాగ ఉంటది గదా. నిజంగ ఇక్కడ ఉన్న నాకేమో ఆధార్ల ఇంక కూకట్‌పల్లి అడ్రసే ఉన్నది. అమెరికల అడ్రస్ మారిందంటే మనిషి మారినట్టే, మన దగ్గర అట్ల కాదు.

సర్కారు ఇక్కడ మనుషులకు కాకుండ కంపెనీలకు దారి ఏసింది. వరంగల్ పక్కన మడికొండల 2020ల టెక్ మహీంద్రా, సైయెంట్ అనే ఐటీ కంపెనీలు వచ్చినయి, అదే ఏడు కరీంనగర్‌ల ఐటీ టవర్, 2023ల నిజామాబాద్‌ల. హన్మకొండ పిల్లలకు పనికొచ్చింది, మంచిదే, మా ఊరి నుంచి రోజూ పోయి రావాలంటె మాత్రం అలసటే.

నా వల్ల ఊరికేమొచ్చింది అంటే, కిరాణం దుకాణం ఆమెకు కొంచెం, పిల్లను చూసుకునే ఆమెకు జీతం, డిగ్రీ చదివే ఇద్దరు ఆడపిల్లలు ఆదివారం వచ్చి టెస్టింగ్ నేర్చుకుంటున్నరు. మా అమ్మగారిది జగిత్యాల దిక్కు, అక్కడ ఇండ్లకు ఇండ్లు గల్ఫ్ పైసలతోనే లేచినయి, దాంతోని పోల్చుకుంటె నా జీతం ఒక మూలకు రాదు. అందుకే నాకు 8 లక్షలు ఇచ్చుడు కన్న గ్రామపంచాయతీల ఇన్వర్టర్, భూమిల నుంచి వచ్చే లైన్, పది కుర్చీలు ఉన్న ఒక రూం పెడితే ఆ ఇద్దరు పిల్లలు గూడ ఇక్కడ్నే జాబ్ చేసుకుంటరు, నాకు మాట్లాడే తోడు దొరుకుతది.

రావాలనుకునేటోళ్లకు ఒక్క మాట, కోతులకు, కరెంటుకు ఏదో ఒక జుగాడ్ ఉంటది, కంపెనీకి ఉండదు. మొన్న మాకు ఆఫీసుకు రమ్మని మెయిల్ వచ్చింది, మేనేజర్‌ను బతిమిలాడి ఇప్పటికైతే ఆపిన. ఇల్లు ఖాళీ చెయ్యకముందే ఆఫర్ లెటర్ల వర్క్ లొకేషన్ కాడ ఏం రాసుందో చూసుకోండ్రి, నా దాంట్ల ఇంక హైదరాబాదే ఉన్నది.